బొట్టు పెట్టిన కాయితాలు

నేను తీసి చెత్తబుట్టల ఏసిన కాయితాలు తెల్లారేసరికి మళ్ల బుక్కులకే వచ్చేటియి. ఈ ముచ్చట చెప్తే ఇప్పటికీ అందరు నవ్వుతరు. నవ్వండ్రి. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలె, దిమాక్ ఖరాబైంది.

ఎనభైల నడిమిట్ల సంగతి ఇది. హన్మకొండ చౌరస్తా కాడ ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండె. అప్పట్ల కంప్యూటర్ అంటే జనం పనిగట్టుకొని మెట్లెక్కి వచ్చి, అద్దంలకెళ్లి తొంగి చూసి పోయేటోళ్లు. లోపల ఏసీ నడిచేది, చెప్పులు బయటనే ఇడవాలె. నాకు టైపు వస్తదని, ఇంగ్లీషు తప్పుల్లేకుంట రాస్తనని నన్ను పనికి తీసుకున్నరు. మాది మరిపెడ. మా నాయిన అక్కడి క్రైస్తవ మిషన్ బడిల ఇంగ్లీషు సారు, చర్చిల పెద్ద. నేను మట్టెవాడల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి నౌకరికి పోయేదాన్ని.

నౌకరి ఏందంటే చెప్పుడు కొంచెం కష్టమే. మా సారు ఒక పెద్ద ప్రోగ్రాం రాసిండు. దానికి ఆయన ఇంగ్లీషుల పొడుగు పేరు పెట్టుకున్నడు గాని మేమంత సాంచ అనేటోళ్లం. ఇటుకలు పోసే అచ్చును సాంచ అంటరు గద, ఆ తీరుగనే, మట్టి నీది, సాంచ మాది. బట్టల దుకాణపాయన వస్తే బట్టల లెక్క, దవాఖానోళ్లు వస్తే రోగుల చిట్టీ, ఏది కావాల్నంటే అది ఆ సాంచల పోసి తీసుడే. దాన్ని వేరే ఊర్ల కంప్యూటరోళ్లకు గూడ ఇచ్చిండు సారు. ఖమ్మంల ఒకలకు, కరీంనగర్‌ల ఒకలకు. ఊరికె సాంచ ఇస్తే వాళ్లేం చేసుకుంటరు? ఏ పనికి ఏ పేరు పెట్టి పిలవాలె, పిలిచినప్పుడు ముందు ఏం చెప్పాలె, వెనక ఏం చెప్పాలె, ఇవన్నీ రాసిన బుక్కు ఒకటి ఉండాలె గద. ఆ బుక్కే నా పని. రింగుల ఫైలు అది, కాయితం తీయొచ్చు, పెట్టొచ్చు. సారు సాంచల ఏదన్న మారిస్తే నేను పాత కాయితం తీసేసి, కొత్తది టైపు చేసి పెట్టాలె. వినేతందుకు ఎంత సల్లగుంది చూడండ్రి.

మా సారు మంచోడు. కోపం లేదు, గర్వం లేదు, యాది గూడ లేదు. పొద్దుగాల చాయ్ తాగుకుంట, "ఒక చిన్న మార్పు చేసినమ్మా" అనేటోడు. ఆ మాట వినంగనే నేను టైపు మిషనుకు కొత్త కాయితం ఎక్కించేదాన్ని. సాంచల ఒక్కొక్క పని చేసే భాగాన్ని మేము ముక్క అనేటోళ్లం. చిట్టీ అచ్చేసే ముక్కను పిలవాలంటే ముందు తారీఖు చెప్పాలె, తర్వాత పేరు చెప్పాలె అని బుక్కుల ఉండె. ఒకనాడు సారు వచ్చి, ఇగ నుంచి పేరే ముందు, తారీఖు వెనక అన్నడు. ఎందుకు సార్ అంటే, అట్లయితేనే అందంగ ఉంటది అన్నడు. అందం ఆయనది, తిప్పలు నావి. కొత్త సాంచకు పాత పద్ధతిల తారీఖు ముందు చెప్పినమో, మిషను ఆ తారీఖునే పేరనుకొని ఆడనే మొండికేసి నిలబడేది. కొన్నిసార్లు సారు మార్చిందాన్ని మళ్ల మార్చి పాత తీరుకే తెచ్చేటోడు. అప్పుడు పాత కాయితమే నిజమయ్యేది. ఇట్ల ఏది నిజమో, ఏది నిన్నటి నిజమో నాకు ఎన్నడు సక్కగ తెల్వలె.

నన్ను తీసుకున్నప్పుడే సారు ఒక షరతు పెట్టిండు. నేను చేరింది దసరా పోయినంక. ఎండాకాలం అయిపోయేదాక చూస్తనన్నడు. ఆఖరికి ఒకనాడు సాంచ ముఖం చూడని మనిషిని తెచ్చి మిషను ముందర కూసోబెడ్తడు. మేమెవ్వలం నోరు మెదపొద్దు. ఆ మనిషి మా బుక్కు చదువుకొని, దాంట్ల చెప్పినట్టు చేసి, ఒక్క చిట్టీ సక్కగ అచ్చేస్తే నా నౌకరి పర్మనెంట్. లేకుంటే నన్ను పంపించి వేరేటోళ్లను చూసుకుంటడు. ఈ సంగతి తెలిసినంక మా నాయిన ఇంకో షరతు పెట్టిండు. బడి తెరిచేలోపల నౌకరి పర్మనెంట్ కాకుంటే మరిపెడ వచ్చి రెండో తరగతికి పాఠాలు చెప్పాలె. బడోళ్లతోని మాట గూడ అనుకున్నడు.

నాకు పోబుద్ధి కాలె. మరిపెడ మీద నాకేం కోపం లేదు, నాయిన మీద అసలే లేదు. గాని ఆ మేడ మీద నాకొక టేబుల్ ఉండె. నా టైపు మిషను ఉండె. కిటికీలకెళ్లి చూస్తే చౌరస్తా అంత కనబడేది. నేను రాసిన నాలుగు ముక్కలు పట్టుకొని ఖమ్మంల ఎవలో ముఖం తెల్వనోళ్లు పని చేసుకుంటరంటే, అబ్బ, ఎంత సంబురమయ్యేదో. అదంత ఇడిచిపెట్టి పోవుడు నా వల్ల కాదనుకున్న.

ఇగ మూడో మనిషి మా అన్న. సొంత అన్న కాదు, కంప్యూటర్ నడిపేటాయన. మట్టెవాడ బజార్ల వాళ్లకు తాతల కాలం నుంచి బట్టల దుకాణం ఉంది. పెండ్లాం, పిల్లలున్న మనిషి. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అని పిలిచేటోడు. మిషను ముట్టుకునే హక్కు ఆయనదే, మేమెవ్వలం ముట్టొద్దు. దండం పెట్టుకోనిదే స్విచ్చి వేసేటోడు కాదు. అగరుబత్తి పొగ మిషనుకు పడదని సారు అంటే, గడప అవతల మెట్ల మీద ముట్టించి, లోపలికి తిరిగి మొక్కేటోడు. నేను చేరకముందు దసరాకు మిషనుకు పూజ చేసిండట. తెరకు బొట్టు పెట్టిండు, ప్రింటరుకు పెట్టిండు, బుక్కును గూడ ఇడిచిపెట్టలె. దుకాణంల లెక్కల బుక్కులకు పెట్టినట్టే ఒక్కొక్క కాయితం మూలకు పసుపు, దాని మీద కుంకుమ. నేను మొదటిసారి బుక్కు తెరిస్తే కుంకుమ రాలి నా తెల్ల చీర మీద పడ్డది. పాపం భక్తిగల మనిషి అనుకొని దులుపుకున్న. కొన్నొద్దులకు ఆ బొట్లు నా కండ్లకు అలవాటై కనబడకుంటనే పోయినయ్.

మొదటిసారి కాయితం తిరిగొచ్చింది క్రిస్మస్ ముందట. చిట్టీ ముక్కది పాత కాయితం తీసి, నలిపి, బుట్టల ఏసిన. కొత్తది పెట్టిన. తెల్లారి బుక్కు తెరిస్తే పాతది ఉంది. ఇస్త్రీ చేసినట్టు సాపుగ ఉంది. కొత్తది దాని వెనక ఉంది. నేనే తియ్యడం మరిచిపోయిన్నేమో అనుకున్న. మళ్ల తీసిన, మళ్ల వచ్చింది.

అప్పుడు నాకు తట్టింది ఏందంటే, సారు మళ్ల పాత తీరుకే మార్చి, నాకు చెప్పుడు మర్చిపోయి, తనే కాయితం పెట్టిండని. ఆయన గుణం తెలిసిన ఎవలికైనా అదే తడ్తది. సరే అని కొత్తదాన్నే తీసి పారేసిన. విచిత్రం ఏందంటే, ఆ కొత్తది తిరిగి రాలె. అది బుట్టల నుంచి సక్కగ చెత్తలకు పోయింది. నెల తిరిగేసరికి బుక్కు నకలు ఖమ్మంకు పంపినం. పంపిన మూడోనాడో నాలుగోనాడో ట్రంక్ కాల్ వచ్చింది. మీ బుక్కు చూసి చేస్తే మిషను మొండికేస్తాంది, మీ బుక్కుల రాసేటోళ్లకు అసలు సాంచ తెలుసా అని అరిచిన్రు. ఫోన్ పట్టుకున్నది నేనే.

సారును అడిగిన. సార్, ఈ కాయితం మీరే పెట్టిన్రా అని. ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. నేను పెట్టలేదమ్మా అన్నడు. తర్వాత, పెట్టిన్నా అన్నడు. ఇంక జరసేపు ఆలోచించి, పెట్టే ఉంటనేమో అన్నడు. ఆ మాటల్ల ఏది పట్టుకోవాలె? సాంచల ఇప్పుడు పేరు ముందా, తారీఖు ముందా, అదన్న చెప్పండ్రి సార్ అన్న. ఆయన పోయి చూసి వచ్చి, పేరే ముందు, నేను మార్చనే లేదు అన్నడు. మరి కాయితం ఎట్లొచ్చింది అంటే, కాయితాల సంగతి నీకే తెల్వాలె అని చాయ్ తాగవోయిండు. అన్ననడిగితే, మిషను మంచిగనే నడుస్తాంది చెల్లె, ఫికర్ చెయ్యకు అన్నడు. నేనడిగింది కాయితం గురించి, ఆయన చెప్పింది మిషను గురించి. అయినా ఆయన మీద నాకు అనుమానం రాలె.

అప్పటి నుంచి నాకు ఒక్కటే పరేషాన్. కొన్ని కాయితాలు తిరిగొస్తయ్, కొన్ని రావు. నేను టైపు చేసినయి పారేస్తే పోతయ్. నేను రాకముందువి పారేస్తే వస్తయ్. ఇంత సక్కగ చెప్తాన్న గద, ఇది ఇప్పుడు సమజైంది. అప్పుడైతే ఎన్ని కాయితాలు, ఎన్ని మార్పులు, ఏది ఎప్పటిదో తేలక, తల ఎక్కడుందో తోక ఎక్కడుందో తెల్వలె. మా చిన్నమ్మకు చెప్తే ఆమె అన్నం వడ్డించుకుంటనే, కాయితాలకు కాళ్లొచ్చినయా ఏందే, దవాఖానకు పోదామా అన్నది. తర్వాత నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ప్రభువా, ఈ పిల్ల కాయితాలను స్థిరపరచు అని ప్రార్థన చేసింది. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమేన్ అన్న.

మరిపెడల మా చర్చి సంగతి యాదికొచ్చింది అప్పుడే. మా పాటల పుస్తకం కొత్తగ అచ్చు అయినప్పుడు పాటల నంబర్లు మారినయ్. సగం మంది చేతుల్ల పాత పుస్తకం, సగం మంది చేతుల్ల కొత్తది. మొదటి ఆదివారం ఒక దిక్కు ఒక పాట, ఇంకో దిక్కు ఇంకో పాట ఎత్తుకున్నరు. దేవునికే సమజై ఉండదు. ఆ తర్వాతి వారం నుంచి మా నాయిన నిలబడి, పాత నంబరు ఇది, కొత్త నంబరు ఇది అని రెండూ చెప్పేటోడు. అట్లనే మనం బుక్కుల రెండు తీర్లూ రాద్దాం సార్ అన్న. సారు ఒప్పుకోలె. రెండు రాస్తే రెండూ నడుస్తయనుకుంటరమ్మా అన్నడు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన సక్కగ అన్నడు.

ఎండలు ముదిరినయ్. పరీక్ష రోజు ఖరారైంది. మార్కెట్ల ఒక దుకాణం గుమాస్తా వచ్చి కూసుంటడన్నరు. నాయిన గూడ ఆనాడే వస్తానని కబురు పెట్టిండు. నౌకరి ఖాయమైతే సంతోషంగ చూసి పోత, కాకుంటే సాయంత్రం బస్సుకు ఇద్దరం కలిసి పోదాం అన్నడు. నేను ఇగ లాభం లేదనుకొని సారు పక్కన కూసొని, సాంచల ఉన్న ఒక్కొక్క ముక్కను అడిగి అడిగి, మొదటి కాయితం నుంచి ఆఖరి కాయితం దాక బుక్కు మొత్తం కొత్తగ టైపు చేసిన. చేతి ఏళ్లు వాసినయ్. ఈసారి ఏ కాయితమూ అనుమానం లేదు, అన్ని నిజాలే. పాతయి ఒక్కటి మిగలకుంట తీసి బుట్టల కుక్కిన. నా చేతులతోని బుక్కు మూసి, దండం పెట్టినంత పని చేసి ఇంటికి పోయిన.

పరీక్షనాడు తొందరగ వచ్చిన. మిషను రూము తలుపు దగ్గరికి ఏసి ఉంది. తీసి చూస్తే మా అన్న నేల మీద బాసింపట్ట ఏసుకొని కూసున్నడు. ఒళ్లె బుక్కు, పక్కన నేను పారేసిన బొట్టు కాయితాల కుప్ప. ఒక్కొక్కటి తీసి, దస్తీతోని తుడిచి, మడతలు సాపు చేసి, కండ్లకద్దుకొని, రింగులల్ల పెడ్తాండు. కుప్ప ఐపోవచ్చింది.

"అన్నా, నువ్వా?" అన్న.

ఆయన బెదరలె. దొంగతనం దొరికిన మనిషి తీరుగ లేనేలేడు. "పూజ చేసిన కాయితాలు చెల్లె, చెత్తల ఎట్లేస్తం? మా ఇంట్ల బొట్టు పెట్టిన బుక్కు చినిగినా పారెయ్యం. నీకు చెప్తే మీ దేవుడు వేరు, నీ మనసుకు ఎట్లుంటదో అని చెప్పలె."

నన్ను నొప్పియ్యొద్దని ఇన్ని నెలలు నోరు మూసుకున్నడు. నేనేమో ఆయన భక్తి మీద మాట అంటే బాగుండదని ఆ బొట్ల గురించి ఒక్కనాడు అడగలె. మా ఇద్దరి మర్యాద కాల్చ! ఒక్కొక్క పాతదాన్ని దాని కొత్తదానికి ముందర ఎందుకు పెట్టినవ్ అని అడిగితే, పాతయి పెద్దయి గద, పెద్దోళ్లను వెనక ఎట్ల పెడ్తం అన్నడు. నాకు ఏడవాల్నో, ఆయన్ని కొట్టాల్నో తెల్వలె. బుక్కు గుంజుకొని కాయితాలు తీయబోయిన. అప్పుడే మెట్ల మీద సారు గొంతు ఇనబడ్డది. ఆయన ఎంట మా నాయిన.

గుమాస్తా ఇంట్ల ఏదో ఫంక్షన్ ఉందని రాలేదట. సారు ఎవల్ని కూసోబెట్టాలె అని చూస్తాంటే మా నాయిన కింద చాయ్ హోటల్ల దొరికిండు. మీకు ఇంగ్లీషు వస్తదా అని సారు అడిగిండట. అదే కదా నా బతుకుదెరువు అన్నడట నాయిన. కంప్యూటర్ ఎన్నడన్న ముట్టిన్రా అంటే, చూసుడు గూడ ఇదే మొదలు అన్నడట. ఇగ సారుకు ఇంతకంటే కావాల్సిన మనిషి ఎక్కడ దొరుకుతడు, నాకు నాయినైతే ఏంది? నాయిన చంకల ఒక ఉత్త సంచి ఉంది. నా బట్టలు, సామాను పెట్టుకపోయేతందుకు తెచ్చిండని చూడంగనే తెలిసింది.

సార్, ఒక్క నిమిషం, బుక్కుల పాత కాయితాలు కలిసినయ్ అన్న. సారు చెయ్యి అడ్డం పెట్టిండు. మాట్లాడొద్దంటే మాట్లాడొద్దు, బుక్కుల తప్పుంటే అదే బయటపడని, పరీక్ష అంటేనే అది అన్నడు. నా చేతుల నుంచి బుక్కు తీసుకపోయి నాయిన ముందర పెట్టిండు. నన్ను మిషనుకు అవతల దిక్కు, నాయినకు ఎదురుంగ నిలబెట్టిండు. అన్న తలుపు చెక్క పట్టుకొని నిలబడ్డడు.

నాయిన కండ్లద్దాలు పెట్టుకున్నడు. చర్చిల వాక్యం చదివేటప్పుడు ఎట్ల ఏలు పెట్టి చదువుతడో అట్లనే బుక్కు తెరిచి ఏలు పెట్టిండు. మొదటి కాయితం బొట్టుదే. ఆగిండు. అద్దాల మీదికెళ్లి నన్ను చూసిండు. నేను పలకలె, ఎట్ల పలుకుత? ఆయన కాయితం తిప్పేసిండు. దాని వెనకది తెల్లగ ఉంది, నాది. దాన్ని మెల్లగ, పైకి చదువుకుంట, ఒక్క ఏలుతోని ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టిండు. మళ్ల బొట్టు కాయితం వచ్చింది. మళ్ల ఆగిండు, నన్ను చూసిండు, తిప్పిండు. నా పానం మెల్లమెల్లగ కుదుటపడ్డది. అర్థమైంది నాకు. మా నాయిన చర్చి పెద్ద. ఊర్ల ఎవలన్న ప్రసాదం ఇస్తే మర్యాదగ చేతికి తీసుకొని పక్కకు పెట్టేటోడే గాని నోట్లె పెట్టంగ నేనెన్నడు చూడలె. బొట్టు పెట్టిన కాయితం ఆయన చదవడు. అన్న భక్తి నన్ను ముంచితే నాయిన భక్తి నన్ను లేపుతాందని ప్రభువుకు లోపల్లోపలే వందనాలు చెప్పుకున్న.

చిట్టీ ముక్క కాయితం వచ్చింది. బొట్టుది. తారీఖు ముందు, పేరు వెనక అని రాసి ఉన్న కాయితం. నాయిన ఈసారి తిప్పలె. దాని మీద ఏలు పెట్టిండు. మొదటి మాట పైకి చదివిండు గూడ. దీంతోని అంత ఐపోయింది, సాయంత్రం బస్సు, రెండో తరగతి, నా టేబుల్ మీద ఇంకెవలో. అన్న పెదాలు కదులుతాన్నయ్, ఏ దేవునికి మొక్కుతాండో. నాయిన తల ఎత్తి నన్ను చానాసేపు చూసిండు. తర్వాత ఏలు తీసిండు, కాయితం తిప్పిండు.

నా కాయితంల పేరు ముందు, తారీఖు వెనక ఉంది. పేరు దగ్గర ఏం కొట్టాల్నో చదివేటోళ్లనే ఎంచుకొమ్మని బుక్కుల రాసిన. ఆయన ఊరి పేరు కొట్టిండు. వెనక ఆనాటి తారీఖు కొట్టిండు. ప్రింటరు గర్రుమని అటు ఇటు ఉరికింది. అందరం ముందుకు వంగి చూసినం. మరిపెడ, ఇంగ్లీషు అక్షరాలల్ల, దాని కింద తారీఖు, అన్నీ ఎక్కడియక్కడ. ఒక్క తప్పు లేదు.

సారు సంతోషానికి పట్టపగ్గాల్లేవు. బుక్కు తనంత తానే మాట్లాడిందన్నడు. రేపటి నుంచి నా నౌకరి పర్మనెంటని నాయినకు చెప్పిండు. మంచిది అన్నడు నాయిన. అచ్చైన చిట్టీని జాగ్రత్తగ చింపుకొని అంగీ జేబుల పెట్టుకున్నడు. అన్న నా పరీక్ష కోసం పొద్దుగాలనే కొబ్బరికాయ కొట్టి వచ్చిండట, ముక్కలు తెచ్చి అందరికి పంచిండు. దేవుని దగ్గర కొట్టిందని చెప్పే ఇచ్చిండు. నాయిన పక్కకు పెడ్తడని చూసిన. పెట్టలె. నోట్లె ఏసుకొని నమిలి, తీయగుంది అన్నడు. అన్న మళ్ల ఇస్తే ఇంకో ముక్క గూడ తిన్నడు.

నాకు తల తిరిగింది. ప్రసాదం తినేటోడు బొట్టు కాయితాలను ఎందుకు చదవలె? ఇప్పటిదాక చెప్పిన వందనాలు ఎవలికి చెప్పినట్టు?

ఆ బొట్టు కాయితాలను తర్వాత నేను, అన్న కలిసి పసుపు గుడ్డల కట్టి బీరువా మీద పెట్టినం. ఇగ మీదట పాతయి బుట్టలకు పోవు, బుక్కులకూ రావు, అన్న చేతికే ఇస్త అని ఒప్పందం చేసుకున్నం. సెంటర్ మూసేదాక అట్లనే నడిచింది.

సాయంత్రం నాయినను బస్టాండు దాక సాగనంపిన. దారి పొడుగున నా మనసుల అదే తిరుగుతాంది. బస్సు వచ్చింది, కిటికీ కాడ కూసున్నడు. ఉత్త సంచిని మడిచి మోకాళ్ల మీద పెట్టుకున్నడు. ఇగ ఉండబట్టక అడిగిన. బొట్టు ఉందనే గద ఆ కాయితాలు తిప్పేసినవ్ అని.

"బొట్టు నన్నేం చేస్తది బిడ్డా? ఆ కాయితం వచ్చినప్పుడల్లా నీ ముఖం మాడిపోయింది. తెల్లది రాంగనే నీ ఊపిరి ఆడింది. ఇన్నేండ్లు పిల్లల్ని ఎదురుంగ నిలబెట్టి పాఠం ఒప్పజెప్పించుకున్నోన్ని, ఆ మాత్రం తెల్వదా?"

అంటే బుక్కు పాస్ కాలేదన్నట్టు. అందరి నోళ్లు మూయించిన సారు నా ముఖం మూయించుడు మర్చిపోయిండు. బుక్కు తనంత తానే మాట్లాడిందని ఆయన చానా ఊర్లల్ల చెప్పుకున్నడు, నేను కాదనలె. అది తర్వాతి ముచ్చట. ఆ కిటికీ కాడ మాత్రం నాకు ఒక్కటి సమజ్ కాలె. అది గూడ అడిగేసిన. నేను రావాల్ననే గద నీకుంది నాయినా, పాతదే చదివితే నీ మాటే నెగ్గేది గద అన్న.

ఆయన మోకాళ్ల మీది సంచిని ఇంకో మడత ఏసిండు. కండక్టర్ బస్సు మీద చరిచిండు.

"ఒకసారి చదువుదామనే ఏలు పెట్టిన. చూసినవ్ గద."

బస్సు కదిలింది. నేను నాలుగడుగులు ఎంట పోయిన, చేతికి చెయ్యి అందలె. మరిపెడ అని అచ్చైన చిట్టీ ఆయన జేబులకెళ్లి కొంచెం బయటికి కనబడ్డది.